లెక్కలో ఉన్నాం, పలకరించకండి

మార్చి మూడో తేదీ. ఆ సాయంత్రం మేం తిన్నది మాడిన రొట్టె, పెంకుతో పాటే చితికిన ఉడకేసిన గుడ్డు. రుచి చెప్పుకోదగ్గది కాదు గానీ, తేదీ మాత్రం మరచిపోలేను. పొయ్యి మీద రొట్టె మాడుతుండగా మా అమ్మాయి ఫోన్లో వీడియో చూస్తూ క్రోషియా అల్లికలో తన మొదటి కుట్టు వేసింది. శని పట్టినట్టు ఆ క్షణం నుంచి మా ఇంటికి శాంతి పట్టుకుంది.

అందుకే అంటున్నాను, ఇంటికో క్రోషియా సూది, ఓ ఊలు ఉండ తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలి!

నవ్వకండి. ముందు లాభాలు వినండి. ఇప్పుడు మా ఇంట్లో ఒంటి మీద బట్టలేని వస్తువు లేదు. టీవీ రిమోట్‌కి చొక్కా. నీళ్ల సీసాకి లంగా. కుర్చీ కాళ్లకి మేజోళ్లు. సబ్బుకి కూడా ఓ సంచీ ఉంది. అది ఒకసారి తడిస్తే మూడు రోజులు ఆరదు కాబట్టి సబ్బు ముట్టుకోబుద్ధి కాదు. ఎంత పొదుపో చూడండి!

స్నానాల గది తలుపు పిడికి టోపీ తొడిగారు. పట్టుకుని తిప్పితే టోపీ తిరుగుతుంది, పిడి తిరగదు. మొన్న లోపల పావుగంట ఉండిపోయాను. నష్టమంటారా? ఈ పరుగుల కాలంలో ఆత్మపరిశీలనకి పావుగంట ఎవరిస్తున్నారు చెప్పండి?

మా అల్లుడిది ఇంకో విద్య. దాని పేరు ఫెల్టింగ్. దూదిలాంటి ఉన్నిని ముళ్లున్న సూదితో పొడుస్తూ పోతే అది గట్టిపడి బొమ్మవుతుంది. ఎంత పొడిస్తే అంత గట్టి. ఆఫీసులో మేనేజరు ఏదైనా అంటే ఇతను ఎదురు చెప్పడు. ఇంటికొచ్చి కుందేలుని పొడుస్తాడు. మేనేజరు క్షేమం, ఉద్యోగం క్షేమం. అప్రైజల్ జరిగిన వారం తయారైన కుందేలుతో నేను గోడకి మేకు కొట్టుకున్నాను.

అన్నిటికంటే గొప్ప లాభం నిశ్శబ్దం. కాలేజీ లైబ్రరీలో ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు కింద కూర్చుని, ఆ నిశ్శబ్దం కోసం ఉద్యోగం పొడుగునా అరిచినవాణ్ణి. నా గొంతు సాధించలేనిది వేలెడంత సూది సాధించింది.

"అమ్మాయీ, షాపులో ఏమిటి విశేషాలు?"

"ఉండు నాన్నా, లెక్కలో ఉన్నా."

మా అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. కుట్టు కుట్టుకీ లెక్కుంటుందట, మధ్యలో మాట్లాడితే తప్పుతుందట. సరే అని అల్లుడి వైపు తిరుగుతాను.

"ఇప్పుడు కాదు మామయ్యగారూ. తల తిప్పితే వేలు పొడుచుకుంటాను."

నా కుశలప్రశ్న వల్ల రక్తపాతం జరగడం నాకూ ఇష్టం లేదు. కూతురు లెక్కలో ఉంది. అల్లుడు పోట్లలో ఉన్నాడు. ఎటు చూసినా నేనే లెక్కలో లేను.

మా ఆవిడ ఉన్న రోజుల్లో ఇంట్లో ఇంతటి శాంతి దొరికేది కాదు. ఆవిడ మనుషులతోనే కాదు, కుక్కర్‌తోనూ మాట్లాడేది. అది ఈల వేస్తే "వస్తున్నా, తొందరేమిటి" అని కసిరేది. ఆవిడ పోయాక ఆ శాఖని మా అమ్మాయి తీసుకుంది. షాపు నుంచి వచ్చి, చెప్పులు విడవకముందే మొదలుపెట్టేది. మార్చి మూడు దాకా.

ఆ సంగతి ఇప్పుడెందుకు లెండి. లాభాల దగ్గరున్నాం.

ఒక సాయంత్రం పేపర్లో వార్త ఒకటి పొరపాటున పైకి చదివాను. "ఇరవై మూడో నంబరు బస్సుని దారి మళ్లించారట." అప్పటికి మా అమ్మాయి పదహారో కుట్టులో ఉంది. పదిహేడు బదులు ఇరవై నాలుగు అంది. ఆగింది. నా వైపు చూసింది.

"పోయింది. వరసంతా విప్పాలి. ఆ ఉండ పట్టుకుని చుట్టు."

పాఠకులారా, అల్లడానికి ఒకరు చాలు. విప్పడానికి ఇద్దరు కావాలి, ఒకరు లాగాలి, ఒకరు చుట్టాలి. అంతకంటే ముఖ్యం, విప్పేటప్పుడు లెక్కతో పని లేదు. నోరు ఖాళీ!

"ఇవాళ ఒకాయన వచ్చాడు నాన్నా, నెత్తిన కళ్లజోడు పెట్టుకుని, కళ్లజోడు పోయింది కొత్తది కావాలన్నాడు."

"అమ్మారా?"

"నేను చెప్పేశాను. మా ఓనరుకి ఒళ్లు మండిపోయింది. అవునూ, నేను పుట్టకముందు అమ్మ కూడా అల్లేదా?"

"మీ అమ్మ మాటలొక్కటే అల్లేది. విప్పడం ఆవిడ వల్ల కూడా అయ్యేది కాదు."

అల్లుడు నవ్వి వేలు పొడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి నాకు వార్తలు పైకి చదివే జబ్బు పట్టుకుంది. ఆటలంటే పడనివాణ్ణి, స్కోర్లు చదివాను. ఉష్ణోగ్రతలు చదివాను. రెండు నెలలుగా అల్లుతున్న దుప్పటి ఇంకా జేబురుమాలంతే ఉంది. చెప్పానుగా, క్రోషియా మహోపకారి!

ఇంతలో గత వారం ఒక పార్సిల్ వచ్చింది. అందులో రంగురంగుల చిన్న ప్లాస్టిక్ పిన్నులు. వాటి పేరు మార్కర్లట. పది కుట్లకొకటి తగిలిస్తే, లెక్క తప్పినా అక్కడి నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చట. విప్పక్కర్లేదట.

"ముప్పై ఎనిమిది డిగ్రీలట" అన్నాను ఆ సాయంత్రం. ఆమె పిన్ను తడిమి చూసుకుని అల్లుతూనే ఉంది. కనిష్ఠం చదివాను. గాలిలో తేమ శాతం కూడా చదివాను. లాభం లేకపోయింది. పేపరు మడిచి, పెందలాడే పడుకున్నాను.

కాబట్టి నేను కోరిన చట్టానికి ఒక సవరణ. సూది తప్పనిసరి, మార్కరు నిషేధం!

నిన్న సాయంత్రం ఆశ లేకుండానే, అలవాటు కొద్దీ చదివాను. "మిగతా పదకొండో పేజీలో."

"పోయింది లెక్క" అంది మా అమ్మాయి. "పట్టుకో నాన్నా."

అల్లికలో ఎక్కడా పిన్నులు కనపడలేదు. వెతికితే అల్లుడి బల్ల మీద ఉన్నాయి. కుందేలు చెవులకి జూకాల్లా వేలాడుతున్నాయి.

"ఈ లెక్కన మాకు దుప్పటి అందేటట్టు లేదు మామయ్యగారూ" అన్నాడు తలెత్తకుండానే.

పడుకునే వేళ అమ్మాయి నా మంచం పక్కన నీళ్లు పెట్టింది. సీసాకి లంగా సర్దింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"రేపు కాస్త పెద్ద నంబరు చూసి చదువు నాన్నా. రెండు వరసలు విప్పుదాం."

చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.