మా జంఖానా ఇది కాదప్పా!

సతాయించే కస్టమరు భగవంతుడిచ్చిన వరం! కాదన్నవారు ఒక్క వారం నాతో తుంగభద్ర ఒడ్డుకు వచ్చి జంఖానాలు ఉతకండి. ఆ తర్వాత వాదిద్దాం.

నా సంగతి ముందుగా మనవి చేసుకుంటాను. కర్నూలులో 'జంఖానా క్లీనింగ్ వర్క్స్' అని ఇంగ్లీషు బోర్డు కట్టినవాణ్ని, ప్రొప్రైటర్ సుందరాన్ని. వర్క్స్ అన్నాను కదా అని మిషన్లూ పొగగొట్టాలూ ఊహించుకోకండి. నలుగురు మనుషులు, నాలుగు కట్టెలు, ఒక గాడిద, ఏటి నీళ్లు. పెళ్లిళ్లలో మీరు కూర్చుని తాంబూలం మరకలు వేసే జంఖానాలను ఇరవై రెండేళ్లుగా ఉతుకుతున్నాను.

మర్యాదస్థుడైన కస్టమరు వల్ల మనిషి ఏం నేర్చుకుంటాడు? ఏమీ లేదు! జంఖానా ఇస్తాడు, తీసుకుంటాడు, "మంచిది" అంటాడు. అందరూ అలాగే ఉంటే నా బుర్ర ఎప్పుడో తుప్పు పట్టేది.

మా వకీలుగారిని చూడండి. వారింటి జంఖానా మీద ఒకసారి సబ్‌కలెక్టరు దొర బురద బూటుతో అడుగు వేశాడు. "అంతా శుభ్రంగా ఉతుకు సుందరం, ఆ బూటు గుర్తు మాత్రం పోకూడదు" అని వారి ఆజ్ఞ! ఆ అడుగు చుట్టూ చెంచాతో నీళ్లు పోసుకుంటూ ఉతికాను. ఈ విద్య ఏ కాలేజీలో చెబుతారు?

మా చర్చి పెద్ద జ్ఞానరాజుగారైతే నా చేత బైబిలే తిరగేయించారు. "దేవుడు ఆరు దినాల్లో లోకమంతా చేసినాడు. నీకు ఒక్క జంఖానా ఉతికేకి పది దినాలా?" అని అడిగారు.

"ఆయనకు ఆరబెట్టే పని లేదు కదయ్యా" అన్నాను.

"మూడో దినానికే ఆరిన నేల కనపడింది. ఇంటికి పోయి చదువుకోపో!"

పోయి చదివాను. నిజమే!

ఇక నా వరాల్లోకెల్లా పెద్ద వరం ఓబులేసుగారు. ఆత్మకూరు నుంచి వచ్చి ఇక్కడ వేరుశనగ వ్యాపారం పెట్టారు. ఎనిమిదేళ్లుగా వారి మట్టిరంగు జంఖానా ఏటేటా నా దగ్గరకు వస్తోంది. ఈ ఏడు వారి అమ్మాయి పెళ్లి. నాలుగుసార్లు ఇంటికొచ్చి వేలు చూపించి మరీ చెప్పారు. "ఏమప్పా సుందరం, మగపెండ్లివాళ్లు కూర్చునేది దీని మీదనే. చిటికెడు దుమ్ము కనపడినా నిన్నే ఏట్లో ముంచుతా!"

భయంతో మూడు రోజులు చౌడులోనూ కుంకుడు రసంలోనూ నానబెట్టాను. నలుగురం విరగబాదాం. ఏరు ఎర్రమట్టి రంగు తిరిగింది. ఆరబెట్టి, చూసి మురిసిపోయి, ముందుగా ఒక్క మాటా చెప్పకుండా తీసుకెళ్లి వారి వసారాలో పరిచాను.

ఎర్రటి అంచు! నీలం నేల మీద, నడుమ రెండు నెమళ్లు!

ఓబులేసుగారు చూశారు. వంగి చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "మా జంఖానా ఇది కాదప్పా! మాది మట్టిరంగు. ఎవురిదో తెచ్చినావు. మాది యాడ అమ్ముకున్నావు?"

జంఖానాలు మార్చే దొంగ అన్న మాట బజారుకెక్కితే, ఇరవై రెండేళ్ల నా బోర్డు పొయ్యిలో పెట్టుకోవలసిందే. ఒట్టు వేశాను. వినలేదు. అప్పటికే వీధి సగం గుమ్మంలో చేరింది.

ఆ గోలకు వారి తల్లి లక్ష్మీదేవమ్మగారు గోడ పట్టుకుని వచ్చారు. చూపు సరిగా ఆనదు. కూర్చుని జంఖానాను చేత్తో తడుముకుంటూ పోయి, నెమలి మెడ దగ్గర ఒక కుట్టు దొరకగానే ఆగిపోయారు.

"ఒరే ఓబులేసూ, ఇది నా జంఖానానేరా! నా పెండ్లికి మా నాయన నేయించినాడు. పాకే వయసులో నువ్వే సాంబ్రాణి నిప్పు ఈడ కుమ్మరించి కాలిస్తివి. నేనే కుట్టినా. రంగులన్నీ ఎప్పుడో పోయినాయనుకుంటి కదరా!"

ఆమె దాని మీదనే పడుకుని నెమలికి చెంప ఆనించారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, వచ్చింది! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ఇంటివాళ్లు కూర్చున్నది జంఖానా మీద కాదు, దాని దుమ్ము మీద!

చూశారా? ఆయన సతాయించకపోతే ఆ నెమళ్లకు వెలుతురు ఉండేదా? నా వాదన నెగ్గింది కదా! నేనూ అలాగే అనుకుని పైపంచె దులుపుకుని లేచాను.

అప్పుడు ఓబులేసుగారు నా వైపు తిరిగారు. "అట్లయితే సుందరం, ఎనిమిదేండ్లుగా నువ్వు ఉతికిందేందప్పా?"

"ఆ ఏళ్లలో ఏట్లో నీళ్లు తక్కువండీ" అన్నాను. వీధంతా నవ్వింది.

ఆ రోజు నుంచి ఓబులేసుగారు తమ దుప్పట్లు ఉతికేటప్పుడు కూడా కుర్చీ వేయించుకుని ఏటి ఒడ్డున కూర్చుంటున్నారు. అదీ భరించగలను. కానీ మొన్న మా వీధి చిన్న ఈరన్న తన చారల జంఖానా ఉతికించుకుని మూడోసారి వాపసు తెచ్చాడు. "ఇంగా గట్టిగా బాదు సుందరన్నా, నెమళ్లు బయటికి రాలేదు!"

వరాలు ఎక్కువైతే మోయడం కష్టమండీ! అందుకే ఇంగ్లీషు బోర్డు కింద తెలుగులో ఒక ముక్క కొత్తగా రాయించాను: "నేతగాడు వేయని నెమళ్లు ఇచ్చట తీయబడవు."

నిన్న జ్ఞానరాజుగారు అది చదివి, చంకలో చర్చి జంఖానాతో లోపలికి వచ్చి నెమ్మదిగా అడిగారు. "పోనీ, పావురాలప్పా?"