కామాగారి వేటకుక్కలు

ఆ ఉదయం కామాగారు వేసుకున్న పథకం చిన్నది. ఎనిమిదింటికి బయలుదేరి, ఊరి చివర కుక్కలు పెంచే ఆయన దగ్గర ఒక చిన్న కుక్కను తీసుకుని, పదకొండు లోపు ఇల్లు చేరి అన్నం వండుకోవాలి.

అచ్చాఫీసులో ముప్పై రెండేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి ఆయన. కామాగారన్న పేరు అక్కడ పెట్టిందే. ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దుతూ పెళ్లి సంగతి మరిచిపోయాడని వాళ్ల అక్కయ్య అంటుంది. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కుక్కరు కూత తప్ప రెండో గొంతు లేదు. ముందురోజు ఆ కూతకే "ఆఁ, వస్తున్నా!" అని జవాబిచ్చి, తన మాటకు తానే ఉలిక్కిపడ్డారు. కుక్కను తెచ్చుకోవాలని అప్పుడే అనుకున్నారు.

కుక్కలాయన తలుపు తీసీ తీయగానే అడిగాడు. "ఏ పనికండీ కుక్క?"

మాట్లాడుకోవడానికి అని ఎలా చెప్పడం? కామాగారు చుట్టూ చూశారు. గోడ మీద 'అడవి పందుల వేటకు మేలైన సంకరజాతి కుక్కలు' అన్న బోర్డు కనిపించింది. అందులో అచ్చుతప్పులు కూడా లేవు.

"పందులకే," అన్నారు.

"ఎన్నుంటాయి?"

"ఆరేడు."

"అయితే ఒక్కటి చాలదు. ఒకటి వెతకాలి, ఒకటి పట్టాలి. రండి, కూర్చోండి." కుక్కలాయన ముఖం వెలిగిపోయింది. పందితోలు ముక్కకు తాడు కట్టి దొడ్డంతా ఈడ్చాడు. ఆరు కుక్కలను వదిలితే, వేలాడే చెవుల కుక్క ఒక్కటే నేలకు ముక్కు ఆనించి, తోలు వెళ్లిన వంకరల్లోనే వెళ్లింది. "ముక్కు పాత వేటజాతిది, కాళ్లు వీధికుక్కవి. ఎంత దూరమైనా అలసిపోదు." తర్వాత పీపాలాంటి ఛాతీ ఉన్న ఇంకో కుక్కను చూపించాడు. "దీని దవడ బుల్‌డాగుది. చెవి పట్టిందంటే మీరు చెప్పేదాకా వదలదు."

"ఆ మూల గంతులు వేస్తున్నది ఇంకా ధైర్యంగా ఉందే?"

"అదే దాని జబ్బు. మరీ ధైర్యం ఉన్నది మొదటి పంది కోరకే పోతుంది. కాస్త భయం ఉన్నదైతే పదేళ్లు వేటాడుతుంది."

తనకూ భయం బాగానే ఉంది కనుక పదేళ్లకు ఢోకా లేదనుకున్నారు కామాగారు. రెండు కుక్కలతో బస్సు ఎక్కనివ్వలేదు. నడిచి వస్తుంటే దారి పొడవునా అడిగినవాళ్లే. ఏడాదిగా పలకరించని బట్టల కొట్టాయన కూడా మెట్లు దిగి వచ్చాడు. అడిగిన ప్రతివాళ్లకూ "పందులకు" అని చెప్పి, చెప్పిన ప్రతిసారీ కాస్త పొడుగయ్యారు.

సాయంత్రానికి తలుపు చప్పుడైంది. పొలిమేరలో మొక్కజొన్న వేసే ఆవిడ, చేతిలో కాగితంతో నిలబడి ఉంది.

"అన్నయ్యా, మీరు పందుల వేటగాళ్లటగా! దేవుడిలా దొరికారు. సగం చేను తొక్కేశాయి. ఇంకో వారం ఆగితే నాకు చొప్ప కూడా మిగలదు. అటవీ ఆఫీసు అనుమతి కూడా తెచ్చుకున్నాను."

ఆ గుమ్మంలోకి మనిషి వచ్చి ఎన్నాళ్లయిందో. కాదంటే వెళ్లిపోతుంది. అవునంటే తన పని అయిపోతుంది. కామాగారు కాగితం తీసుకుని, అలవాటు చొప్పున చదివి, ప్రాణం లేచొచ్చినట్టు అన్నారు. "ఇది చెల్లదమ్మా. 'అడవి మందులను పట్టుటకు' అని పడింది. మందులకైతే వైద్యుడు కావాలి."

ఆవిడ తెల్లబోయింది. మర్నాడే దిద్దించిన కాగితంతో మళ్లీ వచ్చింది. "ఆఫీసులో ముగ్గురు సంతకాలు పెట్టారు, ఒక్కరూ చూసుకోలేదు! ఇంత జాగ్రత్త గల మనిషి ఉండగా నాకేం భయం అన్నయ్యా? రేపు పొద్దున్నే వచ్చేయండి."

కామాగారు కుక్కలాయనకు ఫోన్ చేశారు. "మీరూ రావాలి."

"నేనా? కుక్కలు చాలవూ?"

"చాలవు."

తెల్లవారుజామున కుక్కలాయన కొత్త బూట్లతో వచ్చాడు. వాటి అడుగున ధర చీటీ ఇంకా ఊడలేదు. కామాగారు గమనించారు గానీ దిద్దలేదు. చెవుల కుక్క చేను చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఒక్కచోట ఆగి, గొంతెత్తి మొరిగింది. రెండోదాని మెడకు తోలు పట్టీ బిగించి వదిలారు. మొక్కజొన్న రెండుగా చీలి, బీరువా అంత పంది బయటికొచ్చింది.

మోటారు షెడ్డు రేకుల మీదికి ముందెక్కింది కుక్కలాయన. అరక్షణం తేడాతో కామాగారు.

కింద కుక్క చెవి పట్టింది. మొక్కజొన్నావిడ కొంగు బిగించి, వెనకనుంచి వచ్చి పంది కాళ్లకు తాడు వేసింది.

"మీరిదివరకు ఎన్ని పట్టారు?" అడిగారు కామాగారు, రేకును కావలించుకుని.

"బతికున్న పందిని చూడటమే ఇది మొదలు."

"మరి ఆ ముక్కు, ఆ దవడ, పదేళ్ల వేట?"

"పుస్తకంలో చదివినవండీ." ఆయన కిందికి చూడకుండా చెప్పాడు. "మా ఆవిడ పోయాక ఒక కుక్కను తెచ్చుకున్నా. తర్వాత అవే పెరిగాయి. ఇంట్లో పెంచుకోవడానికని వచ్చేవాళ్లు ఐదు నిమిషాల్లో తీసుకుని పోతారు. వేటకంటే కూర్చుంటారు. గంటసేపు అడుగుతారు. అందుకని ఆ బోర్డు పెట్టా."

"నాకు పందులు లేవు," అన్నారు కామాగారు.

"తెలుసు. పందులు చేను తవ్వేశాయని ఏడ్చే రైతు ఇస్త్రీ చొక్కాతో రాడు."

"తెలిసి రెండెందుకు అంటగట్టారు?"

"ఒక్కటిస్తే మళ్లీ వచ్చేవారా? రెండింటికి తర్ఫీదంటే నాలుగుసార్లైనా రావాలి కదా అని..." అంటూ ఆయన సిగ్గుపడ్డాడు.

"అన్నయ్యలూ, దిగండి! పని అయిపోయింది!" కింద నుంచి ఆవిడ కేకేసింది. కామాగారు "వదులు" అన్నారు రేకు మీద నుంచే. కుక్క వెంటనే వదిలింది. అటవీవాళ్లు వచ్చి పందిని బండెక్కించుకుని పోయారు.

ఇక తమ గుట్టు ఊరంతా పాకుతుందని ఇద్దరూ రెండు రోజులు ఇల్లు కదల్లేదు. మూడోరోజు చుట్టుపక్కల పొలాలవాళ్లు నలుగురు కామాగారి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన తలుపు సగమే తీశారు.

"మీ కుక్కలు బంగారమటగా! రోజూ పొద్దున్నే పంపించండి, సాయంత్రం మేమే దిగబెడతాం," అన్నాడు పెద్దాయన. ఆగి, మర్యాదగా గొంతు తగ్గించాడు. "మీరు మాత్రం రావద్దండీ. ఎక్కడానికి మా చేలల్లో షెడ్లు లేవు."

అలా కుక్కలు పొలాలకు పోవడం మొదలైంది. ఇంట్లో మళ్లీ కుక్కరు కూత ఒక్కటే. పదకొండింటికి కుక్కలాయన "తర్ఫీదు ఎలా ఉందో చూద్దామని" వచ్చేవాడు. తర్ఫీదు పొందాల్సినవి ఇంట్లో లేవని ఇద్దరికీ తెలుసు. భోంచేసి, ఎండ తగ్గాక వెళ్లేవాడు.

పొద్దుగూకాక వచ్చే కుక్కలను కామాగారు గుమ్మంలోనే నిలబడి పలకరించేవారు. అవి తోక ఒక్కసారి ఊపి, మారుమాట లేకుండా లోపలికెళ్లి పడుకునేవి, ఎంతైనా ఉద్యోగస్తులు మరి.