ప్రశ్న లేని బోర్డు

ఒక పెద్ద అడవిలో, అంటే నడిమధ్యన తారురోడ్డు పడేదాకా పెద్దదే అనుకోండి, భీమక్క అనే ఎలుగుబంటి ఉండేది. రోడ్డు పడ్డాక అడవి రెండు ముక్కలైంది. ఎండాకాలం వచ్చేసరికి తెలిసిందేమిటంటే, జంతువులన్నీ ఈ ముక్కలో ఉన్నాయి, నీళ్ళున్న వాగు ఆ ముక్కలో ఉంది.

వాగుకు వెళ్ళే దారి పొడవునా మనుషులు బోర్డులు పాతారు. అన్నీ ఇంగ్లీషులోనే. ఎవరి కోసం రాశారో వాళ్ళకు అర్థం కాకూడదనేది మనుషుల పద్ధతి. తమ కోసం రాసుకునేవి కూడా అలాగే రాసుకుంటారట.

అలాంటి ఒక బోర్డును బుస్సన్న అనే అడవిపంది వీపు గోక్కోవడానికి వాడుకున్నాడు. పక్కనున్న కరెంటు కంచెను ముట్టుకోవద్దని చెప్పే బోర్డు అది. గోక్కోవడం అయ్యాక కాస్త సుఖంగా ఉంటుందని కంచెకు ఆనుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు వాడి ఒంటి మీద వెంట్రుకలు పడుకోలేదు.

సంగతి కొలువుదాకా వెళ్ళింది. సింహం రాజుగారు మంచివారే. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే చాలు, వెంటనే ఒక నిబంధన పెడతారు.

"ఇక మీదట ఇంగ్లీషు బోర్డు చదవడం రానిదే పెద్ద జంతువు ఏదీ రోడ్డు దాటరాదు. పరీక్ష పెట్టండి. పాసైనవాళ్ళ మెడలో మోదుగాకు కట్టండి. ఆకు ఉంటేనే వాగు," అన్నారు.

పరీక్షల అధికారిగా కొండముచ్చును వేశారు. అతను రోడ్డు పక్కనుంచి పాత బోర్డులు నాలుగు పీక్కొచ్చి మద్దిచెట్టుకు వేలాడదీశాడు. ప్రతి బోర్డు కిందా ఆ ఇంగ్లీషులోనే ప్రశ్న రాసిన చెట్టుబెరడు ఒకటి కట్టాడు. దాని ముందు నాలుగు రాళ్ళు, ఒక్కో రాయి మీద బొగ్గుతో ఒక్కో జవాబు. జంతువు వచ్చి నిలబడగానే వడ్రంగిపిట్ట మోడు మీద టకటకమని మొదలుపెడుతుంది. ఆ చప్పుడు ఆగేలోపు సరైన రాయి తొక్కాలి.

భీమక్కకు భయం లేదు. ఆమెకు అంతో ఇంతో చదవడం వచ్చు. అడవి అంచున గెస్ట్‌హౌస్‌లో వంటవాళ్ళకూ వాచ్‌మన్లకూ సాయంత్రాలు ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు. పనసతొనల కోసం వెనక కిటికీ కింద కాపు కాసే భీమక్క, తొనలతో పాటు అక్షరాలు కూడా నమిలింది. లోపల జుట్టు నెరిసిన వంటాయన ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటుంటే, కిటికీ కింద ఈవిడ మట్టిలో గోరుతో గీసుకునేది. కొత్త అక్షరం పట్టుబడిన రోజున ఆమెకు తేనెపట్టు దొరికినంత సంతోషం.

పరీక్ష రోజున ఆమెకు వచ్చిన బోర్డు మీద మంటలు పెట్టరాదనీ, ప్లాస్టిక్ పారెయ్యరాదనీ, కోతులకు తిండి పెట్టరాదనీ ఉంది. కింద బెరడు మీద ప్రశ్న, "ఏది పారెయ్యరాదు?" భీమక్క పై వరుస నుంచి మొదలుపెట్టి తీరిగ్గా చదువుతూ వచ్చింది. కోతుల తిండి దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చి, కొండముచ్చు వైపు చూసి ఒక్క క్షణం ఆగింది. మోడు మీద చప్పుడు కూడా ఆగింది.

"ఫెయిల్," అన్నాడు కొండముచ్చు.

"నాకు బోర్డంతా అర్థమైంది నాయనా. కావాలంటే చెబుతాను విను."

"అర్థమైనందుకు మార్కుల్లేవమ్మా. పక్కకు జరుగు. తర్వాత ఎవరు?"

ఈ వైపున మిగిలింది ఒక్క బురదకుంట. అడవంతా దాంట్లోనే మూతి పెడుతోంది. రోజురోజుకీ నీళ్ళు తగ్గి బురద పెరుగుతోంది. అది కూడా ఎండితే ఆకు ఉన్నవాళ్ళే బతుకుతారని అందరికీ తెలుసు. భీమక్కకు మొదటిసారి భయం వేసింది.

సరిగ్గా అప్పుడే నక్క వాచస్పతి మాస్టారు శిక్షణా కేంద్రం తెరిచాడు. ఆయన పట్నంలో ఒక కోచింగ్ సెంటర్ వెనక చెత్తకుండీలో పెరిగాడు. గోడవతల మాస్టార్లు అరిచే అరుపులు విని విని ఆ విద్య ఒంటబట్టింది. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు. అదేం అడ్డం కాలేదు.

"మీలో చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని మొదటి రోజే అడిగాడు.

భీమక్క సిగ్గుపడుతూ చెయ్యెత్తింది.

మాస్టారు నిట్టూర్చాడు. "నీతోనే కష్టం తల్లీ. మిగతావాళ్ళకు నేర్పితే చాలు. నీకు ముందు మరిపించాలి."

తర్వాత పాఠం మొదలుపెట్టాడు. "బోర్డు వైపు పొరపాటున కూడా చూడొద్దు. ముందు కింద ప్రశ్న చూడండి. ప్రశ్నలో ఒక పొడుగుపాటి మాట ఉంటుంది. అదే ఆకారం బోర్డు మీద ఎక్కడుందో వెతకండి. దాని పక్కనున్న ఆకారం ఏ రాయి మీద ఉందో ఆ రాయి తొక్కండి. దొరక్కపోతే మూడో రాయి. జవాబు దాచేవాళ్ళకు మూడో రాయి అంటే ప్రాణం."

"మరి బోర్డులో ఏముందో తెలియొద్దా మాస్టారూ?" అంది భీమక్క.

"నువ్వు తెలుసుకోవాలా, పాసవ్వాలా?"

భీమక్క ఎండిన నాలుకతో పెదవులు తడుపుకుంది. "పాసవ్వాలి," అంది.

"అలా దారికి రా."

బుస్సన్నకు ఈ విద్య చిటికెలో వచ్చేసింది. "ఇంత సుళువని తెలిస్తే చిన్నప్పుడే చదువుకునేవాణ్ణక్కా," అని మురిసిపోయాడు. భీమక్కకే చావొచ్చింది. అక్షరం కనబడితే చాలు, పెదవులు వాటంతటవే కదిలేవి. కదిలినప్పుడల్లా మాస్టారు తోకతో మూతి మీద చరిచేవాడు. పైగా గురుదక్షిణగా తేనెపట్టు మోసుకెళ్ళాలి. మూతి మీద దెబ్బలు తినడానికి ఎదురు తేనె ఇచ్చుకోవడం ఆమె ఒక్కదానికే చెల్లింది.

కొన్నాళ్ళకు పెదవులు కదలడం మానేశాయి. ఒక సాయంత్రం గెస్ట్‌హౌస్ వైపు వెళ్ళి, గేటు మీద పేరు చూసింది. చూడగానే ఆమె కళ్ళు గేటు కింద ప్రశ్న కోసం వెతికాయి. పైనున్నవి అక్షరాలుగా కాక ఉత్త గీతల్లా కనబడ్డాయి. ఆమె మనసు చివుక్కుమంది. ఇష్టంగా సంపాదించుకున్న ఒక్క వస్తువునీ తనే చేతులారా పారేసుకుంటున్నానని అనిపించింది. కానీ మర్నాడే పరీక్ష. వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఈసారి మోడు మీద చప్పుడు సగంలో ఉండగానే భీమక్క రాయి తొక్కేసింది. పాసైంది. అందరూ పాసయ్యారు. రాజుగారు కూడా సరదాగా ఒకసారి కూర్చున్నారు. ఆయన పంజా ఏ రాయి మీద పడిందో జవాబు ఆ రాయి మీదే ఉందని తేలింది.

కొలువులో వాచస్పతి మాస్టారికి సన్మానం చేసి 'అక్షర కేసరి' అని బిరుదు ఇచ్చారు. అందులో తన పేరు వాడుకున్నందుకు రాజుగారు ఒకసారి గుర్రుమన్నారు గానీ, పండగపూట ఎందుకులే అని ఊరుకున్నారు.

కుంట ఎండిన రోజున మెడలో ఆకులతో అడవంతా ఊరేగింపుగా బయలుదేరింది. అడవికోళ్ళు సన్నాయి ఎత్తుకున్నాయి. ముళ్ళపంది ముళ్ళు గలగలలాడిస్తూ తాళం వేసింది. ముందు రాజుగారు, ఆయన పక్కన మాస్టారు, వెనక కొండముచ్చు, ఆ వెనక భీమక్క, బుస్సన్న, మిగతా జనం. రోడ్డు దాటారు. వాగు గట్టు చేరారు.

గట్టు నిటారుగా ఉంది. నీళ్ళలోకి దిగే చోట మనుషులు కొత్తగా సిమెంటు రేవు పోశారు. నున్నగా, చల్లగా, దొరగారి వరండాలా ఉంది. పక్కన ఒక బోర్డు.

"ఏం రాశారో చూడు మాస్టారూ," అన్నారు రాజుగారు.

మాస్టారు బోర్డు కిందికి వంగి చూశాడు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి చూశాడు. "ప్రభూ, దీనికి ప్రశ్న లేదు."

"లేకపోతే?"

"ప్రశ్న లేకుండా జవాబు ఎక్కణ్ణుంచి తెచ్చేది ప్రభూ?"

"రాళ్ళు కూడా లేవక్కా," అని బుస్సన్న భీమక్క చెవిలో గొణిగాడు. "ఉంటే మూడోది తొక్కేవాణ్ణి."

అందరూ కొండముచ్చు వైపు తిరిగారు. అతను కళ్ళు చికిలించి పరీక్షగా చూసి, "ఇది సిలబస్‌లో లేని బోర్డు ప్రభూ," అన్నాడు.

రాజుగారు జూలు సవరించుకుని ఆలోచించారు. "సిలబస్‌లో లేనిది మనకు వర్తించదు. పదండి."

భీమక్క మాత్రం కదల్లేదు. బోర్డు గుంజను రెండు చేతులా పట్టుకుంది. గీతలు, ఉత్త గీతలు. తన మీద తనకే కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కిటికీ లోపల వంటాయన వేలు గుర్తు చేసుకుని, మొదటి గీత మీద తన గోరు పెట్టింది. పెదవులు మెల్లగా కదిలాయి.

"ఆగండి రాజావారూ, చదువుతున్నాను," అంది.

"పాత జబ్బు తిరగబెట్టింది ప్రభూ. పట్టించుకోకండి," అన్నాడు మాస్టారు.

సన్నాయి మళ్ళీ మొదలైంది. ఊరేగింపు రేవులోకి దిగింది. భీమక్క మొదటి మాట దాటింది, రెండో మాట దాటింది. వెనకనుంచి అందరూ తోసుకుంటున్నా గుంజను వదల్లేదు. చివరికి ఒక్కసారిగా గీతలన్నీ అక్షరాలయ్యాయి.

"సిమెంటు ఇంకా ఆరలేదట. తొక్కొద్దని రాశారు. నీళ్ళు కావాలంటే ఎగువన పాత రేవు ఉందట," అని అరిచింది.

అప్పటికే మోకాళ్ళదాకా దిగబడి ఉన్న కొండముచ్చు తలెత్తి చూశాడు. "టైం అయిపోయాక చెప్పిన జవాబు చెల్లదమ్మా," అన్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఈ అడుసు కడిగినా పోయే రకం కాదు. పొద్దు వాలేదాకా ఒకరినొకరు లాక్కుని ఎలాగో బయటపడ్డారు గానీ, ప్రతివాడి కాళ్ళకూ సిమెంటు జోళ్ళు మిగిలాయి. రేవు మధ్యలో రాజుగారు దిగబడి ఆగినప్పుడు మర్యాద కోసం ఆయన పక్కనే కూలబడిన మాస్టారి తోక మాత్రం రేవులోనే ఉండిపోయింది.

భీమక్క ఎగువకు నడిచి పాత రేవులో దిగింది. కడుపు నిండా తాగింది. నీళ్ళ కంటే, ఇంకా చదవగలనన్న సంగతే ఆమెకు ఎక్కువ చల్లగా తగిలింది. వెనక టకటకమని చప్పుడైతే తిరిగి చూసింది. బుస్సన్న కొత్త జోళ్ళతో వస్తున్నాడు.

"అక్కా, ఆ కంచె దగ్గర బోర్డులో ఏముందో ఇప్పుడైనా చెబుతావా?" అన్నాడు.

"చెబుతాను. కాస్త నెమ్మదిగా చెబుతాను. ముందు నీళ్ళు తాగు," అంది.

కాసేపటికి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వాళ్ళ వెనకే వచ్చి తాగారు. ఎవరు దారి చూపించారో ఎవరికీ గుర్తు లేదు.

మర్నాడు కొలువులో విచారణ జరిగింది. బోర్డు కింద ప్రశ్న రాయకపోవడం మనుషుల నిర్లక్ష్యమని తేలింది. పరీక్షా పద్ధతికి విరుద్ధంగా, ప్రశ్న చూడకుండా నేరుగా బోర్డునే చదివినందుకు భీమక్క మెడలో ఆకు తెంపేశారు. ఆమె మళ్ళీ వాగు వైపు కనిపిస్తే పట్టుకోమని పాసైన వాళ్ళనే కాపలా పెట్టారు.

భీమక్క ఆకు లేకుండానే రోజూ వాగుకు వెళ్ళి వస్తోంది. ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా కావడం లేదు. కాపలావాళ్ళు బయలుదేరగానే ఆ జోళ్ళ చప్పుడు అవతలి గట్టుదాకా వినిపిస్తుంది. రాజుగారి చప్పుడు దూరం నుంచే విని జింకలు కూడా ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశాయి.

వాచస్పతి మాస్టారు తోక లేకుండానే కొత్త బ్యాచి మొదలుపెట్టాడు. 'ప్రశ్న లేని బోర్డులకు మెరుపు శిక్షణ' అట. కింద చోటు చాలక సగం మంది చెట్ల మీద కూర్చుని వింటున్నారు.

నీతి: చదువు రానివాడు ఒంటరిగా బురదలో పడతాడు, పరీక్ష పాసైనవాడు మేళతాళాలతో పడతాడు.