మా ఎబెర్ కూర్చునే ఉన్నాడు

సాంత ఎలోయిసా పౌరులకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మన ఊరి ముద్దుబిడ్డ, ఫుట్‌బాల్ ఆటగాడు ఎబెర్ లర్రోస, యూరపులో ఈ ఆదివారం కూడా జయప్రదంగా కూర్చున్నాడు.

ఆడటానికేం, ఎవడైనా ఆడతాడు. మా ఉరుగ్వేలో నడక వచ్చిన ప్రతివాడూ ఆడతాడు. నడక రాకముందే ఆడినవాళ్లనూ నేనెరుగుదును. కానీ అంత చలిదేశంలో, అదనపు ఆటగాళ్ల కోసం వేసిన అంత ఖరీదైన బెంచీ మీద, మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా చెక్కుచెదరకుండా కూర్చోవడం సామాన్యమా? ఆదివారం పొద్దున్నే మా క్లబ్బు క్యాంటీన్‌లో టీవీ ముందు ఊరంతా చేరుతుంది. అక్కడ గోల్ పడితే ఎవరూ కదలరు. కెమెరా బెంచీ వైపు తిరిగిందా, కుర్చీలు ఎగురుతాయి. ఒకసారి ఎబెర్ లేచి, కాళ్లు విదిలించి, మళ్లీ కూర్చున్నాడు. ఆ రోజు చర్చి గంటలు మోగాయి. పాదిరి గారే మోగించారు.

"చూశారా ఆ దర్జా!" అన్నాడు మంగలి నికనోర్. "కూర్చోవడం వాడు నేర్చుకుంది నా కుర్చీలోనే."

ఇంతకీ ఈ బెంచీ పదవి అతనికి మాతే అనే మా ఆకు కషాయం వల్ల దక్కింది. సొరబుర్రలో ఆకు వేసి, వేడినీళ్లు పోసి, ఒకే గొట్టంతో అందరం వంతులవారీగా పీలుస్తాం. ఖాళీ బుర్ర తిరిగిచ్చేటప్పుడు నోరు మూసుకోవాలి. "థాంక్స్" అన్నావా, "ఇక చాలు" అన్నట్టే; ఆ పూట బుర్ర నీ దగ్గరికి రాదు.

అక్కడి కోచ్ మర్యాదస్తుడు. ఎబెర్ ఇచ్చిన మాతే తాగి, మొహం చిట్లించకుండా, రోజూ మొదటి బుర్రకే "థాంక్స్" అనేవాడు. ఎబెర్ పెంపకం ఉన్న పిల్లవాడు. ఆ రోజుకిక ఆయనకు చచ్చినా పోసేవాడు కాదు. జట్టంతా తాగుతుంటే బుర్ర తన ముక్కు కింద నుంచే దాటిపోవడం చూసి కోచ్ గారి మనసు గాయపడింది. మనసు గాయపడ్డ కోచ్ చేతిలో ఆయుధం బెంచీయే కదా.

క్లబ్బు అత్యవసరంగా సమావేశమై, ఎబెర్‌ది ధర్మమనీ, తప్పు యూరపుదనీ తీర్మానించింది.

"మన పద్ధతి ఆయనకు చెప్తే సరిపోయేదిగా?" అంది ఎబెర్ వాళ్ల అవ్వ ఎర్మెలిందా.

"ఊరుకో అవ్వా. పద్ధతి ఒకరు చెప్తే వచ్చేదా?" అన్నారు సభ్యులు.

ఆ తర్వాత కూడలిలో ఎబెర్ కంచు విగ్రహం వెలిసింది. శిల్పికి దొరికిన ఫోటోలన్నిటిలోనూ ఎబెర్ కూర్చునే ఉన్నాడు కాబట్టి విగ్రహమూ కూర్చుంది. క్లబ్బు అధ్యక్షుడు దోన్ అపారిసియో తెర తొలగించి గర్జించాడు: "గుర్రమెక్కిన విగ్రహాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి! బెంచీ ఎక్కిన విగ్రహం మనకే ఉంది!"

సెలవులకు ఎబెర్ వచ్చాడు. ఆదివారం పక్క ఊరు పాసో దెల్ సావ్సేతో పోటీ.

"దోన్ అపారిసియో, నన్ను ఆటలోకి దించండి. ఇంకొన్నాళ్లు పోతే నా కాళ్లకి ఆట గుర్తుండదు."

"నాయనా, యూరపు వాళ్లకే నిన్ను ఆడించే ధైర్యం చాల్లేదు. మేమెంతటివాళ్లం?"

బెంచీకి కొత్త రంగు వేశారు. మెత్త కూడా పరిచారు. ఎబెర్ కూర్చున్నాడు, పాసో దెల్ సావ్సే గోల్ కొట్టింది. అవ్వ మైదానం గీత దాకా వచ్చింది.

"ఏమయ్యా అపారిసియో! నా మనవణ్ణి దించుతావా, నన్నే దిగమంటావా?"

"అమ్మా, ఇది ఆవులు మేసే మైదానం. గిట్టల గుంటలో వాడి కాలు మడతపడితే, రేపు విగ్రహం మొహం ఎలా చూస్తాం?"

"అయితే విగ్రహాన్నే ఆడించు. దాని కాలు విరగదు!"

ఈ గొడవలో మాతే బుర్ర ఎబెర్ దగ్గరికి వచ్చింది. తాగాడు. తిరిగిస్తూ, పరాయి ఊరి అలవాటు కొద్దీ, "థాంక్స్" అన్నాడు.

పోస్తున్న నికనోర్ చెయ్యి ఆగింది. అందరూ ఆకాశం వైపు చూశారు. తర్వాతి బుర్ర ఎబెర్ ముక్కు కింద నుంచే దాటిపోయింది.

"నోరు జారింది నికనోర్ మామా, నాకూ పొయ్యవా."

"అదేం మాట? మన ఊరివాడు మాట మీద నిలబడతాడు."

దాటిపోతున్న ఆ బుర్రను ఎబెర్ చాలాసేపు చూశాడు. మేము ఓడిపోయాం. అతను విమానమెక్కాడు. వెళ్లీ వెళ్లగానే కోచ్‌కి మాతే ఇచ్చాడట. ఆయన "థాంక్స్" అంటే వినిపించుకోకుండా మళ్లీ నింపి ఇచ్చాడట.

తర్వాతి ఆదివారం కెమెరా బెంచీ వైపు తిరిగింది. ఎబెర్ లేడు!

"తీసేశారు మావాణ్ణి!" అని క్యాంటీన్‌లో నికనోర్ తల పట్టుకున్నాడు. పాదిరి గారు టోపీ తీశారు. అంతలో అక్కడ ఎవరో గోల్ కొట్టారు. మామూలుగానే ఎవరూ కదల్లేదు. అవ్వ ఒక్కతే లేచి, టీవీకి ముక్కు ఆనించి, "వాడేరా! పరిగెడుతున్నాడు చూడండ్రా!" అని కేకలేసింది.

"అడ్డం తప్పుకో అవ్వా," అన్నారు వెనకనుంచి, "బెంచీ కనబడటం లేదు."

విషయం తెలిశాక క్లబ్బు మళ్లీ సమావేశమైంది. ఆటగాడు నిలబడితే కూర్చున్న విగ్రహానికి అర్థమేమిటని చర్చించి, ఎబెర్‌ను వెంటనే యథాస్థానంలో కూర్చోబెట్టవలసిందిగా కోచ్‌ను కోరాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కంచును లేపడం కంటే మనిషిని కూర్చోబెట్టడం తేలిక. నవ్వకండి. మీ ఊరి తీర్మానాలు కూడా ఒకసారి తిరగేసి చూసుకోండి.