గుండుకు ఇద్దరు అధికారులు

ఒక పెద్ద అడవిలో గుండు ఎత్తే పోటీ వచ్చిపడింది. పక్క అడవితో పందెం. గెలిచిన అడవి వేసవంతా వాగులో ముందు నీళ్లు తాగొచ్చు. ఓడినవాళ్లు, గెలిచినవాళ్లు తాగి పొర్లి వెళ్లాక మిగిలిన బురదతో సరిపెట్టుకోవాలి.

ఈ అడవి తరఫున ఎత్తేది ఎలుగుబంటి గురవప్ప. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. బురద తాగితే వాళ్లకు అరగదు. అందుకే గెలవాలని పట్టుదల.

వాడిని తయారుచేసే వస్తాదు ఉడుము. పట్టు సంగతి ఉడుముకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

"బరువు పెంచిన వారం ఎత్తే సార్లు తగ్గిస్తాను. సార్లు పెంచిన వారం బరువు తగ్గిస్తాను. పోటీ ముందు వారం రెండూ తగ్గిస్తాను" అంది ఉడుము, క్రీడా మండలి ముందు నిలబడి.

మండలి ఉలిక్కిపడింది. మూడు ముక్కలు మాట్లాడితే మూడింట్లోనూ 'తగ్గిస్తాను'!

ఇంత పెద్ద పని ఒక్క ఉడుముకు వదలకూడదని అధ్యక్షుడు ఏనుగు తీర్మానించాడు. బరువుల శాఖ ముళ్లపందికి, సార్ల శాఖ కొండముచ్చుకు ఇచ్చాడు. ఉడుముకు సలహాదారు పదవి దక్కింది. అంటే, అడిగితే చెప్పాలి. ఎవరూ అడగరు.

ముళ్లపంది వారం వారం ఇంకా పెద్ద గుండు తెప్పించింది. కొండముచ్చు వారం వారం సార్లు పెంచింది. నాలుగో వారానికి గురవప్ప నడుము పట్టేసింది.

"అయ్యా, ఏదో ఒకటి తగ్గించండి" అని బతిమాలాడు.

"దానికేం భాగ్యం! ముందు కొండముచ్చుగారిని తగ్గించమను" అంది ముళ్లపంది, ముళ్లు నిక్కబొడుచుకుని.

"నా శాఖంటే అంత లోకువా?" అని కొమ్మ మీంచి కయ్యిమంది కొండముచ్చు. "ముందు ఆయన్ని తగ్గించమను, తర్వాత చూద్దాం!"

ఉడుము ఉండబట్టలేకపోయింది. "పోటీ ఇంక వారమే ఉంది. వాణ్ణి కాస్త పడుకోనివ్వండయ్యా!"

"పడుకుంటే రిపోర్టులో ఏం రాయాలి?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. వాళ్లకు ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క మాట మీదే.

పోటీ రోజు రానే వచ్చింది. పక్క అడవి ఎలుగుబంటి వారం రోజులు ఇప్పచెట్టు కింద గురకపెట్టి వచ్చాడు. ఆవులిస్తూనే గుండును భుజం దాకా ఎత్తి కింద పడేశాడు.

గురవప్ప వంగి గుండును కావలించుకున్నాడు. గుండు లేవలేదు. కాసేపటికి తనూ లేవలేదు. నలుగురు కలిసి మోసుకెళ్లారు.

ఆ వేసవి అడవంతా బురదే తాగింది. ముళ్లపంది, కొండముచ్చు కూడా ముక్కు మూసుకుని తాగారు. గురవప్ప పిల్లలైతే తాగిందంతా కక్కుకున్నారు.

దాంతో మండలి విచారణ జరిపించింది. బరువుల శాఖ లక్ష్యాన్ని దాటింది. సార్ల శాఖ ఇంకా దాటింది. తప్పెవరిదీ కాదు, విశ్రాంతికి ఒక శాఖ లేకపోవడమే లోపమని తేలింది.

వెంటనే విశ్రాంతి శాఖ పెట్టి గుడ్లగూబను అధికారిగా వేశారు. ఇప్పుడు ఆ గుడ్లగూబ గంటకోసారి గురవప్పను తట్టి లేపి, 'నేను విశ్రాంతి తీసుకుంటున్నాను' అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటోంది.

ఇందులో నీతి ఏమిటంటే, ఎత్తేవాడు లేవకపోయినా ఫర్వాలేదు, అంకెలు లేస్తే చాలు.