వెరెదా పుట్టుపూర్వోత్తరాలూ, నా బాదం తోటా

ఒబ్దూలియా టీచరమ్మ మీద నా ఫిర్యాదు ఒక్కటే. మాట పుట్టుక తెలుసుకోవడాన్ని మించిన విద్య లేదని, నేను పన్నెండో ఏట బడి మానేస్తున్నప్పుడు ఆవిడ చెప్పలేదు. యాభై మూడో ఏట చెప్పింది.

పాఠకులారా, ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు, ఎవడో ఒకడు ఏదో మాట వేళ్లు తవ్వి పంపిస్తున్నాడు. విసుక్కోకండి. అది వరం. నా సంగతే చూడండి.

స్పెయిన్‌లో మా తెరువెల్ కొండల్లో నా బాదం తోటకూ, మా బావమరిది ఎవారిస్తో పొలానికీ మధ్య ఒక కాలిబాట ఉంది. దాన్ని వెరెదా అంటాం. ఆ అంచునే ఎవారిస్తో పందుల కొట్టం కట్టాడు. గాలి ఎటు వీచినా కంపు నా అన్నాల బల్ల మీదికే వస్తుంది. వాడు బాటను ఆక్రమించాడని నా అనుమానం. అనుమానానికి ఆధారం కావాలి కదా? టీచరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ లావుపాటి నిఘంటువు తీసింది. వెరెదుస్ అంటే రోమన్ల టపా గుర్రమట. అది పరిగెత్తిన దారి వెరెదా. పోర్చుగీసు వాళ్లకు అది సన్నటి కాలిబాట. అర్జెంటీనాలో ఇంటి ముందు పేవ్‌మెంటు. కొలంబియాలో ఏకంగా పల్లె చుట్టుపట్లంతా. ఆ గుర్రమే పేరుకు ముందొక ముక్క తగిలించుకుని ఫ్రాన్సుకూ ఇటలీకీ వెళ్లి, దొరసానులెక్కే సవారీ గుర్రమైంది. మనిషి వలసపోతే కూలీ అవుతాడు, మాట వలసపోతే దర్జా పెరుగుతుంది.

“మరి మన దగ్గరో, టీచరమ్మా?”

“మన దగ్గర గొర్రెల దారి, నాయనా. చలికాలం మందలు దక్షిణానికి దిగే దారి. వెడల్పు ఇరవై మీటర్ల ఎనభై తొమ్మిది సెంటీమీటర్లు. అది సర్కారుది. ఎన్ని తరాలు దున్నుకున్నా ఎవరి సొంతమూ కాదు.”

ఆ ఆఖరి ముక్క నేను ఎవారిస్తో కోసమే విన్నాను.

ఆ దారి కొలిపించమని సర్కారుకు అర్జీ పెట్టాను. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు లాటిన్ గుర్రమే.

“గొర్రెలు లారీలెక్కి ముప్పై ఏళ్లయింది. ఆ దారి ఇప్పుడెవరిక్కావాలి? మా తమ్ముడి మీద కోపముంటే వెళ్లి నాలుగు తిట్టి రారాదూ,” అంది మా ఆవిడ సగ్రారియో.

చదువులేని వాళ్లతో వాదించకూడదని ఊరుకున్నాను. ఆవిడ నాకంటే నాలుగు తరగతులు ఎక్కువే చదివింది లెండి.

సర్వేయరు పాత పటంతో వచ్చాడు. హద్దురాయి కోసం వెతికాడు. అది కొట్టం గోడకు ఆనుకుని, బాట వైపున దొరికింది. ఎవారిస్తో వేలెడు కూడా జరగనక్కర్లేదన్నమాట. టేపు ఆ ఇరవై మీటర్ల చిల్లర కొలవడానికి అక్కణ్నుంచి బయల్దేరి మూడు మీటర్లు కూడా లేని బాట దాటింది, నా కంచె దాటింది, మా తాత నాటిన చెట్లలోకి దిగింది. నేను వెనకాలే నడుస్తూ “చాలు బాబూ, చాలు,” అంటూనే ఉన్నాను.

ఎవారిస్తో గోడ మీద కూర్చుని కాళ్లూపుతున్నాడు. “బావా, ఆ లాటిన్ ఇంకాస్త మిగిలుంటే మా పందులకూ చెప్పిపోరాదూ? వాటికీ చోటు ఇరుగ్గానే ఉంది.”

సర్కారు రాజపత్రంలో ఆక్రమణదారుగా నా పేరు అచ్చయింది. పండితుడికి అంతకంటే ఏం కావాలి?

నిజం చెప్పేస్తాను. గుర్రం ఎక్కడ పుట్టిందో నాకెందుకు? బావమరిది గోడ కూలితే కళ్లారా చూద్దామనుకున్నాను. ఆ సరదాకు పోయింది ఇంత: పద్దెనిమిది మీటర్ల వెడల్పు, నూట నలభై మీటర్ల పొడవు, అంటే రెండు వేల అయిదు వందల ఇరవై చదరపు మీటర్లు, అరవై ఒక్క బాదం చెట్లతో సహా.