మూడు టీవీలు, ఒకే మాట

కుటుంబం కలిసి ఉండాలంటే ఏం కావాలి? ప్రేమా? ఓపికా? అవేవీ అక్కర్లేదు. ఇంటికి ఒకే ఒక్క సెట్‌టాప్ బాక్సు చాలు!

నవ్వకండి. సూర్యాపేటలో మా ఇంట్లో మూడు టీవీలున్నాయి. హాల్లో నాది, పడగ్గదిలో మా ఆవిడ ఉషారాణిది, వెనక గదిలో మా అమ్మ బుచ్చమ్మది. బాక్సు మాత్రం ఒక్కటే, హాల్లో. దానికి స్ప్లిట్టర్ తగిలించి, వెంటిలేటర్ల గుండా వైర్లు లాగించి మూడింటికీ కలిపించాను. నేను ఏ ఛానల్ పెడితే మూడు గదుల్లోనూ అదే. ఏ పార్టీలోనూ కనిపించని ఏకాభిప్రాయం మా ఇంట్లో ఉంది!

దీన్ని నియంతృత్వం అనేవాళ్లున్నారు. ఎంత అన్యాయం! టీవీలతో పాటు వచ్చిన రిమోట్లు ఎవరివి వాళ్లకే ఇచ్చేశాను కదా? సౌండు పెంచుకునే హక్కు, తగ్గించుకునే హక్కు, విసుగొస్తే కట్టేసుకునే హక్కు వాళ్లకు సంపూర్ణంగా ఉన్నాయి. ఛానల్ మార్చే బరువొక్కటే నా నెత్తిన వేసుకున్నాను.

కోదాడలో మా బావమరిది కృపాకర్ వంటగదిలో కూడా టీవీ పెట్టించాడు. వాడు హాల్లో షేర్ మార్కెట్ చూస్తాడు కాబట్టి, వాళ్లావిడ పోపు వేస్తూ షేర్ మార్కెట్ చూస్తుంది. మార్కెట్ పడ్డప్పుడల్లా కూర మాడుతోందని ఆవిడ మొత్తుకుంటే, ఆర్థిక పరిజ్ఞానం పెరిగిందని వాడు మురిసిపోయాడు.

మిర్యాలగూడలో మా అక్క ఇంకో మెట్టు పైనుంది. మేడ మీద కిరాయికుండే చంద్రమౌళి సారు టీవీకి కూడా తన బాక్సు నుంచే వైరు ఇచ్చింది. అక్క ఎనిమిదింటికి బాక్సు కట్టేసి పడుకుంటుంది. సారు కూడా ఎనిమిదింటికే పడుకుంటున్నారు. ఆయన ఆరోగ్యం ఎంత బాగుపడిందో!

పోయిన ఆదివారం మా ఇంట్లో ఈ విధానానికి పరీక్ష ఎదురైంది. అక్క కూతురు ప్రవళిక మా ఊరి క్రైస్తవ సభల్లో పాడిన పాట పొద్దున పదింటికి లోకల్ ఛానల్లో వేస్తారని ఫోన్ వచ్చింది. అమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని తన టీవీ ముందు కూర్చుంది. తెర మీద నలుగురు అరుచుకుంటున్నారు. అది నా డిబేట్. కాసేపు చూసి, మెల్లగా హాలు గుమ్మంలోకి వచ్చింది.

"జర లోకల్ ఛానల్ పెడ్తవా బిడ్డా? పోరి పాట వస్తదట."

"యాడ్ రానియ్యే అమ్మా, పెడ్త" అన్నాను.

యాడ్ వచ్చింది. అది కూడా బాగానే ఉంది, చూశాను. తీరా ఛానల్ మార్చేసరికి పాట అయిపోయింది. అమ్మ చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్లిపోయింది. చూశారా, ఎక్కడైనా గొడవ జరిగిందా?

మర్నాడు హాల్లో బాక్సు ప్లగ్గు కాలిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా బాక్సును అమ్మ గదిలో పెట్టి, వైర్లు అక్కణ్నుంచి కలిపి, దాని రిమోట్ ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్ల ఛానల్ మార్చేది ఏది బిడ్డా?" అని అడిగింది.

ఆమెకంటూ ఒక టీవీ వచ్చి మూడేళ్లయింది. బటన్ చూపించాను.

ఇక మొదలైంది దారుణం! లోకల్ ఛానల్ పెట్టుకుని అక్కడే కూర్చుంది, పాట మళ్లీ వేస్తారేమోనని. నేను హాల్లో రెండు రోజుల పాటు పోయిన సర్టిఫికెట్ల ప్రకటనలు, బిర్యానీ సెంటర్ ప్రారంభోత్సవం, బోర్లు వేసేవాళ్ల ఫోన్ నంబర్లు చూశాను. అయ్యా, ఒకే బాక్సుకు మూడు టీవీలు కలపడమంత అమానుషం ఇంకోటి ఉందా? ఒకరి ఇష్టాన్ని ఇంటిల్లిపాది మీద రుద్దడమా? దీనికి చట్టం లేదా?

మూడో రోజు నిలదీద్దామని వెళ్లి ఆమె గుమ్మంలో నిలబడ్డాను. ఏదో నగల దుకాణం యాడ్ వస్తోంది. నేను నోరు తెరవకముందే రిమోట్ నా చేతిలో పెట్టింది.

"నీది పెట్టుకో బిడ్డా. ఇయ్యాల గూడ రాలే" అంది.

సిగ్గేసింది. కనీసం ఆ యాడ్ అయ్యేదాకా ఆగమన్నా బాగుండేది.